పేరు పైకి చదివించే సూపరింటెండెంటు గారు

1992 జూలై ఆరవ తేదీ, సోమవారం నాడు మన పాఠశాల కార్యాలయం చేతుల్లోంచి ఒక పాస్‌పోర్టు పోయింది. ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్న మన సూపరింటెండెంటు గారు ఉద్యోగంలో చేరింది కూడా ఆ రోజే. అభినందన వ్యాసం ఇలా మొదలుపెట్టడం ఆనవాయితీ కాదు. అయితే మన బడి పత్రిక ఈ సంచిక కోసం రాసే బాధ్యతను లెక్కల మాస్టారికి అప్పగించినప్పుడు ఆమే ఒక షరతు పెట్టారు. "ముందు ఆ పాస్‌పోర్టు సంగతే రాయండి. అది దాచిపెడితే మిగతాదంతా మెరమెచ్చు మాటలనుకుంటారు" అన్నారు.

అప్పట్లో ఇంగ్లీషు చెప్పడానికి విదేశాల నుంచి మన బడికి వచ్చినవారు ఇద్దరే. ఒకరు పెద్దాయన, ఇంకొకరు కుర్రాయన. ఇద్దరికీ గడ్డాలే, ఇద్దరికీ కళ్ళజోళ్ళే. పెద్దాయన పాస్‌పోర్టు వీసా పొడిగింపు కోసం శుక్రవారం లోగా వీసా ఆఫీసుకు వెళ్ళాలి. కుర్రాయనది పని పూర్తయి తిరిగి వచ్చింది. ఉదయమే కుర్చీలో కూర్చున్న ఇరవై ఏడేళ్ళ కొత్త గుమాస్తా సొరుగులోంచి ఒకటి తీసి, "ఇది మీదేనా అండీ?" అని కుర్రాయనను అడిగారు. ఆయన ఊళ్ళో దిగి తొమ్మిది రోజులైంది. తల ఊపారు. అడిగింది అర్థం కాకపోయినా తల ఊపడం కొత్తగా వచ్చినవారు పాటించే మర్యాద అని ఆమెకు అప్పటికి తెలియదు. ఆయన దాన్ని తెరిచి చూడకుండానే సంచిలో వేసుకుని, సముద్రం చూద్దామని బస్సెక్కారు. ఆయన దిగారు గాని సంచి దిగలేదు. మళ్ళీ దొరకలేదు.

పోయింది పెద్దాయన పాస్‌పోర్టు. ఆయన దేశపు రాయబార కార్యాలయం కొత్తది ఇచ్చేలోగా గడువు దాటిపోయింది. ఆయన మన దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది, తొమ్మిదో తరగతికి ఆరు నెలల పాటు ఇంగ్లీషు లేకుండా పోయింది. వెళ్ళే రోజున ఆయన కార్యాలయానికి వచ్చి, తాను నేర్చుకున్న నాలుగు మాటల్లోంచి ఒకటి ఏరుకుని, "పరవాలేదమ్మా" అన్నారట. తిట్టి ఉంటే ఏ నెలకో మరిచిపోయేదాన్నని సూపరింటెండెంటు గారు ఇప్పటికీ అంటారు. అప్పటి హెడ్మాస్టరు గారు మాత్రం ఒకే ముక్క చెప్పారు. "అమ్మాయ్, రేపటి నుంచి తల ఊపినవాళ్ళకు ఏమీ ఇవ్వకు."

ఆమెకు అందిన ఉద్యోగ శిక్షణ అదొక్కటే. మర్నాటి నుంచి మన కార్యాలయానికే ప్రత్యేకమైన ఒక పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు గాని, డిగ్రీ పట్టా గాని, పోలీసు సర్టిఫికెట్టు గాని, వైద్య పరీక్ష కాగితం గాని, ఏటేటా మారే రెసిడెన్స్ కార్డు గాని, వాటి అసలు కాగితం చేతులు మారాలంటే సదరు వ్యక్తి ఆమె ఎదుట కుర్చీలో కూర్చోవాలి. కాగితం తెరిచి తన పేరూ పుట్టిన తేదీ పైకి చదవాలి. ఆ తరువాతనే రిజిస్టరులో సంతకం. భాష రానివారు తమ భాషలోనే చదవవచ్చు, చదవకుండా ఉండడానికి మాత్రం వీల్లేదు. పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారి ఈ తంతు చూసి, "ఇదేమిటమ్మా, ఒకటో తరగతా?" అని నవ్వితే, ఆమె ఆయన జేబులోని గుర్తింపు కార్డునే బయటికి తీయించి ఆయన చేతే చదివించారు. అది ఆయన కింద పనిచేసే ఉద్యోగిది అని తేలింది. ఆయన మళ్ళీ నవ్వలేదు.

1999లో సీనియర్ అసిస్టెంటుగా, 2008లో సూపరింటెండెంటుగా ఆమెకు పదోన్నతులు లభించాయి. కాలక్రమంలో నిబంధనలు మారుతూ వచ్చాయి. డిగ్రీ పట్టాను స్వదేశంలోనే ధ్రువీకరించుకుని రావాలన్నారు, పోలీసు సర్టిఫికెట్టు ఆరు నెలలకు మించి పాతది కాకూడదన్నారు, ఫోటోలో రెండు చెవులూ కనబడాలన్నారు. ప్రతి మార్పునూ ఆమె ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించేవారు. వర్క్ పర్మిట్ రాకముందే పాఠం మొదలుపెట్టబోయిన ఒక ఉత్సాహవంతుణ్ణి తరగతి గుమ్మం దగ్గరే ఆపి, ఉపాధ్యాయుల గదిలో కూర్చోబెట్టిన ఘనత ఆమెది. దరఖాస్తులన్నీ కంప్యూటరులోకి వెళ్ళిన 2014లో, యాభైకి చేరువవుతున్న వయసులో, ఆ విద్య కూడా పట్టుదలగా నేర్చుకున్నారు. "కంప్యూటరు కూడా తల ఊపుతుంది, నమ్మకండి" అంటూ ప్రతి దరఖాస్తునూ కాగితం మీదికి తీసి చదివించడం మాత్రం మానలేదు. ఇంటి దగ్గర కూడా ఇదే వరుసని వారి శ్రీవారి ఫిర్యాదు. "కరెంటు బిల్లు నా చేతికి రావాలంటే నా పేరు నేను చదువుకోవాలండీ. ముప్పై ఏళ్ళ కాపురం, నేనెవరో ఇంకా తేలలేదు."

ఈ పద్ధతి విలువ తెలియడానికి ఒక సంఘటన చాలు. 2003లో ఒక కొత్త ఇంగ్లీషు టీచరు గారు వచ్చారు. మన భాషను పుస్తకంలో చూసి నేర్చుకున్నారు కనుక ప్రతి మాటనూ జాగ్రత్తగా అడుగులో అడుగు వేసినట్టు పలికేవారు. కుర్చీలో కూర్చోబెట్టి పోలీసు సర్టిఫికెట్టు చదవమంటే ఆమెకు నవ్వు వచ్చింది.

"నా పేరు నాకు తెలుసు కదండీ."

"మీకు తెలుసమ్మా. కాగితానికి తెలుసో లేదో చూద్దాం."

పేరు సరిగ్గానే ఉంది. తేదీ దగ్గరికి వచ్చి, "మే మూడు" అని చదివి ఆగిపోయారు. ఆవిడ పుట్టింది మార్చి ఐదున. వాళ్ళ దేశంలో రోజునూ నెలనూ రాసే వరుస వేరు కావడంతో ఎక్కడో ఎవరో తారుమారు చేశారు. ఆ కాగితం అలాగే వెళ్ళి ఉంటే దరఖాస్తు తిరస్కరించి ఆమెను వెనక్కి పంపేవారు. సూపరింటెండెంటు గారు అదే రోజు ఉత్తరం రాసి, వెంటబడి, గడువుకు రెండు రోజుల ముందు సరైన సర్టిఫికెట్టు తెప్పించారు. అప్పటి నుంచి టీచరు గారు ఆమెను "అక్కా" అని పిలవసాగారు.

రెండేళ్ళ తరువాత ఆ టీచరు గారు లెక్కల మాస్టారిని వివాహం చేసుకున్నారు. ఆ కబురు చెప్పడానికి ఇద్దరూ కలిసి కార్యాలయానికి వెళితే, సూపరింటెండెంటు గారు అభినందనలకు ముందు అట్ట చూపించారు. "పెళ్ళికి ఇద్దరు సాక్షులు చాలు మాస్టారూ. మా చెల్లెలి వీసా మార్చాలంటే తొమ్మిది కాగితాలు కావాలి. ఆలోచించుకున్నారా?" మాస్టారు ఆలోచించుకున్నామని తల ఊపారు. "తల ఊపితే చెల్లదు, పైకి చెప్పండి" అన్నారు ఆమె. పైకి చెప్పాక, చెల్లెలి భర్త కనుక ఆయనను "మరిదిగారూ" అనడం మొదలుపెట్టారు. ఏటా ఒకసారి కార్డు మారే రోజున ముగ్గురూ ఆ బల్ల దగ్గరే టీ తాగేవారు. చివరి కార్డులోని ఫోటోలో చెవులు కనబడేలా జుట్టు వెనక్కి సర్దింది కూడా అక్కగారే.

ఇంగ్లీషు టీచరు గారు కిందటి ఏడాది ఆగస్టులో, మూడు వారాల అనారోగ్యం తరువాత కన్నుమూశారు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు.

విదేశీయులు మరణించినప్పుడు వారి రెసిడెన్స్ కార్డును ముప్పై రోజుల్లో వీసా ఆఫీసుకు తిరిగి ఇవ్వాలి. దానికి కావలసిన కాగితాలన్నీ సూపరింటెండెంటు గారు వారంలోనే సిద్ధం చేశారు. కార్డు తెచ్చి సంతకం చేయవలసింది మాస్టారు. ఆయన తెచ్చారు, కుర్చీలో కూర్చున్నారు, కార్డు తీసి పట్టుకున్నారు, చదవలేక లేచి వెళ్ళారు. రెండోసారీ అంతే అయింది. మూడోసారి ఆమే అన్నారు.

"మరిదిగారూ, పోనీ నేను చదివేస్తాను. మీరు సంతకం పెడితే చాలు."

"వద్దండీ. నేనే చదవాలి."

"అయితే మీకు కుదిరినప్పుడే చదువుదురు గాని."

గడువు పొడిగించమని ఆమె వీసా ఆఫీసుకు ఉత్తరం రాశారు. కారణం రాయవలసిన చోట, "కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మనిషి సిద్ధంగా లేరు" అని రాశారు. ఆ మొదటి పాస్‌పోర్టు తరువాత ఏనాడూ గడువు దాటనివ్వని ఆమె ఆ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు రాశారు. వీసా ఆఫీసు మూడుసార్లూ సరేనంది. ఎవరూ మాస్టారిని తొందరపెట్టలేదంటే, ఆ తొందరంతా ఆమె బల్ల దగ్గరే ఆగిపోయిందని అర్థం.

బాధ్యతలు అప్పగించే ముందు మొన్న సోమవారం ఆమె రిజిస్టరంతా తిరగేశారు. ఈ ముప్పై మూడేళ్ళలో మన బడి విడిచి వెళ్ళిన విదేశీ ఉపాధ్యాయులు నూట ఇరవై ఏడుగురు. వారిలో నూట ఇరవై ఆరుగురికి ఎదురుగా, కార్డు తిరిగి ఇచ్చినట్టు సంతకం పెట్టే చివరి గడి నిండి ఉంది. ఆ మధ్యాహ్నం మాస్టారు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. "మార్చి ఐదు" అని పుట్టిన తేదీ చదివారు. ఆ తరువాత పేరు మీద వేలు పెట్టారు. ఆమె కలం మూత తీసి పట్టుకుని అలాగే ఉన్నారు. ఇంతలో బడి గంట మోగింది.

"క్లాసుకు వెళ్ళండి మరిదిగారూ. పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. తేదీ అయిందిగా, ఇంక పేరే."

ఆయన వెళ్ళాక, తన స్థానంలోకి వచ్చే అసిస్టెంటుకు ఆ గడి చూపించి, "దీనికి తొందరపెట్టకు. కానీ తల ఊపినా తీసుకోకు. ఆయన చదువుతానన్న రోజు నాకు ఫోన్ చెయ్, వచ్చి కూర్చుంటాను" అన్నారట.

కొత్త దేశంలో దిగి, భాష తెలియక తల ఊపిన ఎందరికో తమ పేరు తాము పైకి చెప్పుకునే కుర్చీని చూపించిన సూపరింటెండెంటు గారికి ఈ పాఠశాల రుణపడి ఉంది. ఆమె ఇక మీద ఏ గడువులూ లేని ఉదయాలతో, శ్రీవారి వేళాకోళాల మధ్య, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం సుఖంగా జీవించాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము.

కార్డు లెక్కల మాస్టారి జేబులో ఉంది. పేరు ఇంకా చదవలేదు.