పోస్టర్ మీది చేతులు

హలో… ఆ, నేనే. గోపమ్మనే.

…అరవకు. ఫోన్ చెవుకే పెట్టుకున్న, మంచిగనే ఇనవడ్తాంది.

…యాడున్ననా? గీ పెరూ దేశం లీమాల ఉన్న. కోస్గి కాడికెళ్లి ఇమానమెక్కిచ్చి నువ్వే తెస్తివి గద, ఇంకెక్కడుంట.

…ఆ, హోటల్ల లేను. పొద్దుగాలనే బయిటికొచ్చిన. ఒక్కదాన్నే.

…ఎవలనడగాలె? నిన్నా? ఆరు దినాలాయె హనుమంతూ, నన్ను తెచ్చి గా రూముల పడేసి. కిటికీల కెళ్లి సూసుడు, నువ్విచ్చిన బ్రెడ్డు తినుడు. బయిటికి పోతె మెడల పుస్తెలు గుంజుకపోతరంటివి. నువ్వేమో దినాం కెమెరా ఏసుకొని సముద్రం కాడికి షికారు.

…ఏందీ? సారనాలెనా?

నిన్నటి దాక సారనే అన్న. మా లచ్చయ్య కొడుకు పాలమూర్ల సదువుకొని సంస్థల పెద్ద నౌకరి చేస్తుండని, మా ఆడోళ్ల సంఘమంత సారు సారని తిరిగినం. ఇగ అన.

…ఎందుకంటే, నిన్న మాపటికి కింద సీతాఫలాల సభ పెట్టే హాలుల నీ పోస్టర్ సూసిన.

గింత పెద్దగ ఏసినవు. సీతాఫలం గుజ్జు తీస్తున్న చేతులు. ముఖం లేదు, ఒట్టి చేతులే. మణికట్టు మీద తేలు పచ్చబొట్టున్నది. ఆ తేలు నాకు ఏడేండ్లప్పుడు మా అవ్వ పొడిపిచ్చింది. కింద పేరెవలిదని మనస్విని మేడంను అడిగిన, మన మాటలు వాళ్లకు చెప్పెతందుకు వచ్చిందామె గద. ఆమె సదివి చెప్పింది.

…ఆ, నీ పేరే. గింజ చితకకుంట గుజ్జు తీసే పద్ధతి నువ్వే కనిపెట్టినవంట.

…ఫోటో నువ్వే తీసినవు, కాదన. చేతులెవలియి?

…అది కాదు నేనడిగేది. చేతులెవలియి?

…ఆ. ఇప్పుడొచ్చింది నోట్ల కెళ్లి.

ఇరువై ఏండ్ల సంది గుట్టల మీద పండ్లు తెంపి, గింజ చితికితె గుజ్జంత చేదయితదని, కండ్ల పడితె మండుతదని తెల్సుకొని నేర్చిన పని అది. నువ్వు ఒక్క పండన్న కోసినవా ఎప్పుడన్న? మస్తు కోపమొస్తాంది నాకు. రాత్రి బువ్వ గూడ పోలె.

…ఎట్ల పోయిననా? బస్సెక్కిన. పాలమూరు చౌరస్తల ఆటోలోళ్లు ఒర్లినట్లె, ఈడ బస్సు తలుపుకు ఏలాడుకుంట ఒకడు జాగాల పేర్లు ఒర్లుతడు. నాకొక్కటి సమజ్ కాలె. ఎక్కిన. తప్పు బస్సే. దూరం తీస్కపోయి ఒక గుట్ట కింద దించిండు. కింది కెళ్లి మీది దాక ఇండ్లే, ఒకదాని మీద ఒకటి. ఒక కుక్క ఎంటవడ్డది. ఒక ముసలామె కిటికీల కెళ్లి తిట్టింది, ఎందుకో తెల్వది. నేను గూడ తెలుగుల తిట్టిన. పైన సూస్తె మొగులు కమ్ముకోని ఉన్నది, సుక్క రాలది. మన కాడ మొగులు మీద వచ్చిన కోపమే ఈడ గూడ వచ్చింది.

…భయమయింది, అబద్ధమెందుకు. గా గుట్ట కింద నిలవడి ఏడ్చిన గూడ. ఇగ కండ్లు తుడుసుకొని నడిసిన.

…పుస్తెలా? మెడల్నే ఉన్నయి.

…ఆగు. పండ్ల ముచ్చట చెప్పనియ్యి. నీకు పనికొచ్చేదే.

మార్కెట్ దొరికింది. మనకు సభోళ్లిచ్చిన అసొంటి సీతాఫలాలే ఒకామె అమ్ముతాంది. అమ్ముకుంట బొటనేలుతోటి ఒక్కొక్కటి వత్తుతాంది. పండును వత్తితె మనమూకుంటమా? మన దగ్గర గంపల చెయ్యి పెట్టనియ్యం. లటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్న. ఆమె నన్నొక్కటి కొట్టింది. మంది జమయిండ్రు. ఇగ వత్తొద్దని నేను సైగ చేస్తె, ఆమె నా ముంగటనే పండు కోసి నా నోట్ల పెట్టింది. మీగడ తీరు ఉన్నది. పైనేమో ఒక్క కన్ను తెరువలె, హనుమంతూ. మన పండు కండ్లు తెరిస్తె, తొక్క మీది సందులు తెల్లగ విచ్చితె, పండుతది. వీళ్ల పండుకు తెరుసుడే లేదు. మెత్తగయిందా అని వత్తి సూసుకోవాలె, గంతే.

…గందుకే చెప్తున్న. వచ్చిన దినం వాళ్లిచ్చిన పండ్లను డబ్బల గడ్డి ఏసి పెట్టినం గద, కండ్లు తెరిచేదాక ముట్టొద్దని. నువ్వట్లనే అన్నవు, నేను గూడ అట్లనే అన్న. ఇద్దరిది తప్పే.

…ఇంక కాయలేనా? డబ్బ నీ ముంగటనే ఉన్నది గద. ఒకటి కొయ్యి. …కొయ్యి, నేనాగుత.

……

ఏం వాసనొస్తాంది? …కల్లు వాసన గద.

…ఇంకోటి కోసినా గంతే. అన్ని పులిసినయి.

…పదికి సభల నీ ముచ్చట, గా పండ్లే కోసి చూపిస్తనంటివి. పదికి పది నిమిషాలున్నది. మంది కూసున్నరు, సప్పుడు ఇనవడ్తాంది.

…ఓహో. ఇప్పుడు గోపమ్మక్కనయిననా.

ఉన్నయి. గంపెడు పండ్లున్నయి నా కాడ. గింజ చితకకుంట ఎట్ల తీస్తనో ఆ పండ్లామెకు చూపిచ్చిన. నా చేతులు పట్టుకొని తిప్పితిప్పి సూసింది. పండ్లన్ని గంపలేసి నా నెత్తిన పెట్టింది. పెట్టి, రొమ్ము మీద చెయ్యేసుకొని తన పేరు చెప్పింది, నా దిక్కు ఏలు చూపి నా పేరడిగింది. గింత పెద్ద పట్నంల నా పేరడిగింది ఆమొక్కతే. హోటల్ కాయిదం చూపిస్తె, ఆమెనే మర్ల బస్సెక్కిచ్చింది.

…హోటల్ గేటు బయిటనే ఉన్న. లోపటికి రాను.

…మాఫీ చెయ్యమనకు. చెయ్య.

…పాసుపోర్టా? నీ బ్యాగులనే ఉండనియ్యి. బెదిరిస్తున్నవా, బతిమాలుతున్నవా, ముందుగాల ఒకటనుకో.

ఇను. మైకు పట్టుకో. ఈ పని కోస్గి గోపమ్మది, ఆ చేతులు ఆమెయే అని చెప్పు. ముందు తెలుగుల చెప్పు, నేనినాలె. ఎనక మనస్విని మేడం వాళ్లకు చెప్తది. అప్పుడొస్త. నేను కోస్తుంటె, నువ్వు పోస్టర్ కింద పళ్లెం పట్టుకొని నిలవడు.

…ఆ, అందరి ముంగటనే. నీ పేరేసుకున్నది గూడ అందరి ముంగటనే గద.

…ఇగ నాతోటి ఏం చెప్పకు. మైకుల చెప్పు, గేటు దాక ఇనవడ్తది.

పెట్టేస్తున్న.