నా గొంతుతో మా బావమరిది

మీ తాత గురించా? చెప్తాగానీ ఆ కుర్చీలో కూర్చోకు, దాని కాలు ఊగుతుంది. అది బాగుచేసిందీ మీ తాతే. నా సొంత బావమరిది, పోయినవాణ్ణి అనకూడదుగానీ, వాడికి తన గొంతుతో మాట్లాడటం చేతయ్యేది కాదమ్మా. జూలో టికెట్లిచ్చే పని. కిటికీలో కూర్చుని మా ఆఫీసరు గొంతుతో "లైన్లో నిలబడండి!" అని గదమాయిస్తే, ఓసారి ఆఫీసరే వచ్చి లైన్లో నిలబడ్డాడు. నవ్వకు, నా బాధ విను. నాది కోతుల దగ్గర పని. తేలికనుకున్నావా? పొద్దువాలేసరికి "రండమ్మా రండి" అని నేనొక్క కేక వేస్తే చెట్ల మీదివన్నీ దిగి గదిలోకి పోవాలి. ఇంకెవరు పిలిచినా తోక కూడా కదపవు. అదీ మన దర్జా.

మీ తాతకి కన్నుకుట్టింది. "అందులో ఏముంది బావా, గొంతేగా!" అంటాడు, అదీ నా గొంతుతోనే! అంతకుముందే మా ఇంట్లో ఓ ఘనకార్యం వెలగబెట్టాడులే. స్నానాలగదిలో దూరి "ఏమేవ్, తువ్వాలు!" అని నాలా అరిస్తే, మీ మామ్మ, అదే మా ఆవిడ, వాడి సొంత అక్క, పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తింది. నేను ఎదురుగా కూర్చుని పళ్ళు తోముకుంటున్నానే! నన్ను దాటుకుని పోయింది! ఆ సంగతెత్తితే "ఇంకా మర్చిపోలేదా" అంటుంది. ఎందుకు మర్చిపోతాను?

సరే, ఎక్కడున్నాం... ఆఁ, కేక. వీడు పోయి ఆఫీసరు చెవిలో ఊదాడు, "నా పిలుపుకి కోతులొస్తే ఆ పని నాకివ్వండి సార్" అని. ఆయన సరేనన్నాడు. ఇన్నేళ్ళ నా పని, ఒక్క కేకతో తేల్చేస్తారట! సాయంత్రం నన్ను నోరెత్తకుండా ఆఫీసరు పక్కన నిలబడమన్నారు. వీడు గోడవెనక నక్కి "రండమ్మా రండి" అన్నాడు. అచ్చం నేనే! అనుమానమొచ్చి నా నోరు నేనే తడుముకున్నా. వాటిలో పెద్ద ఆడకోతి ఒకతుండేది, అత్తగారనేవాళ్ళం. అది కొమ్మ దిగింది. సగం దూరం వచ్చి ఆగింది. గోడవంక చూసింది, నావంక చూసింది, మళ్ళీ గోడవంక. చూసి చూసి, మా ఇంట్లోవాళ్ళకి లేని తెలివి దానికుందమ్మా, వీపు తిప్పి కూర్చుంది! మిగతావీ అంతే. వీడికి ఒళ్ళు మండి, నేను వినగా మొదటిసారి సొంత గొంతుతో "రావే ముసలిదానా!" అన్నాడు. ఇంక చూడు! ఒక్కసారి లేచాయి అన్నీ. కీచులు, గంతులు. చేతికందిన తొక్కలూ పుల్లలూ గోడవతలికి ఒకటే విసురుడు. "నీ గొంతు వీటికెలా తెలుసయ్యా?" అన్నాడు ఆఫీసరు. అప్పుడు వెలిగింది నాకు. రోజూ కోతులకిచ్చే బకెట్లో అరటిపళ్ళు తగ్గేవి, ఆఫీసరేమో నన్ను అనుమానించేవాడు. వీడేనమ్మా! వాటి ఎదురుగానే మింగుతూ, పైగా వాటితో కబుర్లు! నెత్తిన తొక్కతో బయటికొచ్చి, "తినేటప్పుడు మాట్లాడకూడదు బావా" అని పగలబడి...

ఆగు. ఏదీ, మళ్ళీ నవ్వు. ఇప్పుడు నవ్వావే, అలా.

ఏమేవ్, గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయావేం? ఎవరూ రాలేదే. నవ్వింది ఈ పిల్ల, నీ తమ్ముడు కాదు. రా, కూర్చో. అమ్మడూ, ఆ కుర్చీ ఇటు జరుపు. ఊగితే ఊగిందిలే.