గోడ మీది అరవై ఒకటి

తలుపు వేసి కూర్చో అమ్మాయ్. వేయి. బయట కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లందరి ముందూ అన్నావుగా, "అయ్యో ఆంటీ, మళ్లీ మొదటికొచ్చారే!" అని? దానికి తలుపు అక్కర్లేకపోయింది. నా జవాబుకి మాత్రం కావాలి.

నా కూతురి ఈడుదానివి, "నువ్వు" అంటున్నానని ఏమనుకోకు. అనుకుంటే అనుకో! ఏడాదిన్నర కిందట ఇక్కడికొచ్చినప్పటి నుంచీ "మీరు", "తమరు" అని నసిగి నసిగి నాకే విసుగొచ్చింది.

అరవై ఆరు. అంతేగా నీ మిషను చూపించింది? గోడ మీద నా ఫోటో కింద అరవై ఒకటి అని ఉంది. అందుకని ఐదు కిలోలు పెరిగానంటూ ఎర్ర గీత కొట్టావు. బరువు తగ్గాలని నేను మీ సెంటరు మెట్లెక్కిననాడు ఎనభై నాలుగు. అది ఎవరికీ గుర్తులేదా తల్లీ?

నవ్వకు. సరేలే, మొహమాటానికి నవ్వావు. నాకూ అదే జబ్బు.

ఆరు నెలలపాటు కాగితాల మీద కాగితాలు రాసిచ్చారు. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత. చిన్న గిన్నె పెట్టుకుని కొలుచుకు తిన్నాను. చివరి తూకం రోజున చప్పట్లు కొట్టారు, పూలగుత్తి చేతిలో పెట్టారు, ఫోటో తీసి పంపించేశారు. మరి మర్నాడు పొద్దున నేనేం తినాలి? ఆ కాగితం ఏదీ? అడగలేదంటావా? అడగడానికి నాకు నోరెక్కడిది!

ఇంటికెళ్తే మా ఆయన, "గండం గడిచిందిగా, ఇక మనుషుల్లా తిను" అన్నారు. వారం తిరక్కుండా నా నడుం వంక చూసి, "ఏమిటోయ్, పోయినవాళ్లు తిరిగొస్తున్నట్టున్నారే!" అన్నారు. అన్నం గిన్నె నా ముందుకు తోసేదీ ఆయనే, ఎగతాళి చేసేదీ ఆయనే.

మనవడు వదిలేసిన ముద్దలు, గిన్నెల అడుగున మిగిలిన కూర, పారెయ్యడానికి చెయ్యి రాక అన్నీ నా పొట్టలోకే. అంట్ల దగ్గర నిలబడి తింటున్నానని కనిపెట్టింది ఎవరు? నువ్వా? నీ కాగితమా? నేనే. అందుకే ఇప్పుడు మా ఇంట్లో అంట్లు ఆయన తోముతారు. సణుగుతారు. సణగనీ!

నా పని తెలుసుగా, బట్టల కొట్టు వెనక గదిలో బట్టలు సరిచేస్తాను. ఇరవై రెండేళ్లు. ఎవరు వచ్చి బిగించమన్నా లోపల రెండు వేళ్ల బట్ట మడిచి వదిలి కుడతాను. మనిషి ఒళ్లు ఎప్పుడూ ఒక్కలా ఉంటుందా? రేపు విప్పుకోవాలి కదా. ఒక్కరి బట్టా లోపల కత్తిరించలేదు.

అలాంటిదాన్ని, ఆ ఫోటో దిగి ఇంటికెళ్లగానే, మంచినీళ్లు కూడా ముట్టకుండా, నా బట్టలన్నీ ముందేసుకుని కొత్త కొలతకి బిగించాను. లోపలి బట్ట కరకరా కత్తిరించి పారేశాను. ఇక వెనక్కి దారి ఉండకూడదని! ఎంత పొగరు చూడు. ఇదిగో, ఈ చంక కింద వేరే రంగు ముక్క కనిపిస్తోందా? నా చేత్తో నేనే వేసుకున్న అతుకు. అది ఎవరికీ కనిపించకూడదని రోజంతా చెయ్యి ఎత్తకుండా పనిచేస్తాను.

కూర్చో, కూర్చో. వాళ్లు ఎదురుచూస్తే చూడనీ. నన్ను వాళ్ల ముందు నిలబెట్టడానికేగా పిలిపించావు? "నేను చేశాను, మీరూ చేయగలరు" అని చీటీ రాసి మరీ ఇచ్చావు. మొదటి కుర్చీలో బొద్దుగా ఒక పిల్ల ఉంది చూశావా? కళ్లార్పకుండా నా ఫోటోనే చూస్తోంది. ఆ పిల్లకి నేను ఈ అబద్ధం చెప్పాలా?

అవును, అబద్ధమే.

చివరి తూకానికి ముందు రెండు రోజులు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు నేను. ఆ పొద్దున కొట్లో ఇస్త్రీ ఆవిరి దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాను, చెమట కారాలని. మీ మెట్లెక్కుతుంటే కళ్లు తిరిగాయి. ఆ పూట అరవై ఒకటి. రెండు రోజులు నీళ్లు తాగి, అన్నం తిని, మందుల షాపులో తూచుకుంటే అరవై ఐదు. ఆ అంకె నా ఒంటి మీద ఒక్క పూట ఉంది. నీ గోడ మీద ఏడాది ఉంది.

అంటే ఏడాదిలో నేను పెరిగింది ఒక్క కిలో! ఒక్కదాన్నే నిలబెట్టుకున్నాను, ఎవరూ చెప్పకుండా. ఎవరైనా చప్పట్లు కొట్టారా? ఎలా కొడతారులే. నేను చెబితేగా. నీ మీద ఇంత అరిచాను గానీ, ఆ దొంగ అంకె రాయించింది నేనే.

గోడ మీంచి ఆ ఫోటో తీసెయ్యకు, ఉండనీ. పూలగుత్తి బాగుంది. కింద అరవై ఆరు అని రాయి, బయటికొచ్చి మాట్లాడతాను.

ఏం? మీ పైవాళ్లని అడగాలా? సరే, అడుగు పో. ఆ కలం ఇలా ఇచ్చి వెళ్లు. చదివింది ఐదో తరగతే అయినా, అంకెలు వేయడం వచ్చు నాకు.