మెత్తటి కవరు

ఆదివారం మధ్యాహ్నం. బావమరిది ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద, ఇద్దరూ కలిసి కొనుక్కున్న పాత బంగారు నాణెం. బావ చేతిలో భూతద్దం.

"ఇదేంట్రా ఇది?"

"ఏది బావా?"

"ఏదంటావేంటి! ఇదుగో, రాణి బొమ్మ మెడ కింద, ఆకుపచ్చగా జిడ్డు. కనబడట్లేదూ?"

"వెలుతురు అలా పడుతోందేమో."

"వెలుతురూ లేదు, నీ మొహమూ లేదు. దేంట్లో పెట్టావ్ దీన్ని?"

"డబ్బీలోనే. ఎప్పుడూ పెట్టే గట్టి డబ్బీలోనే బావా."

"అబద్ధం! గట్టి డబ్బీలో జిడ్డెలా పడుతుంది? మెత్తటి ప్లాస్టిక్ కవరుంటుందే, నొక్కితే నలిగేది, అందులో నెలల తరబడి మగ్గితేనే ఇలా అవుతుంది."

"బంగారానికేమవుతుంది బావా? ఇనుమా, తుప్పు పట్టడానికి?"

"దీంట్లో రాగి కలిసుంటుందిరా మొద్దూ! కవర్లోంచి ఊరే నూనె ఆ రాగిని పట్టేస్తుంది. ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఆగాగు. ఈ గీతలేంటి? తుడిచావా?"

"కాస్త. మెత్తటి గుడ్డతోనే..."

"చంపావ్! మురికి పడితే పడనీ, గుడ్డ మాత్రం తగలకూడదని ఒట్టేయించుకున్నానా లేదా?"

"వేయించుకున్నావ్."

"ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు నా దగ్గర. ఇన్నేళ్ళూ ఒక్క గీత పడకుండా చేతులు మారింది. ఇవాళ చూడు దీని గతి!"

"కాఫీ తాగుతావా బావా?"

"నా కడుపు మండుతుంటే కాఫీ ఏంట్రా! నిజం చెప్పు. అమ్మడానికి కవర్లో వేసుకుని తిప్పావా?"

"లేదు."

"మరి కవర్లోకి ఎందుకెళ్ళింది? అమ్ముకోవాలనుంటే మొహం మీద చెప్పచ్చుగా. సొంత తమ్ముడికంటే ఎక్కువగా చూసుకున్నానే! నమ్మించి గొంతు కోశావు కదరా."

"అంతమాటనకు బావా."

"అంటాను. నేనెలా చూసుకున్నానో మీ అక్కనడుగు. పోయినేడు వానలకి పడగ్గది కారితే, ముందు డబ్బీ తీసుకెళ్ళి హాల్లో బీరువాలో పెట్టాకే ఇంకో పని ముట్టుకున్నాను."

"తెలుసు. అక్క పరుపు తడిసి ముద్దయింది. వారం రోజులు జ్వరం."

"జ్వరం తగ్గిపోయిందిగా. ఇది తగ్గేదా? వెళ్తాను. వెళ్ళి చెప్తా మీ అక్కకి, నీ ఘనకార్యం."

"కూర్చో బావా, కూర్చో. వెనకవైపు చూశావా?"

"వెనకవైపు కూడా ఉందా? ఆ దీపం ఇటు జరుపు. అయ్యయ్యో... ఇక్కడా ఉంది. అంచంతా ఉంది. నీకు చేతులెలా వచ్చాయిరా?"

"దీపం ఇంకాస్త దగ్గరికి జరపనా బావా?"

"మాట మార్చకు! ద్రోహం చేసినోడికి నిజమెలా నోటికొస్తుందిలే."

"క్రితంసారి దీన్ని నా దగ్గరికి ఎవరు తెచ్చారో గుర్తుందా బావా?"

"మీ అక్క. నేను మూడు నెలల ట్రైనింగులో ఉన్నానుగా. అయితే?"

"అప్పుడు చూసుకోలేదుగా నువ్వు."

"చూడకపోతేనేం? అక్కణ్ణుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాణ్ణి, డబ్బీలో తేమ పీల్చే పొట్లం మార్చావా అని. మార్చానంది."

"మార్చింది బావా. ఒట్టి డబ్బీలో."

"ఏంటీ?"

"నువ్వెళ్ళిన మర్నాడే నాణెం తీసి కవర్లో పెట్టి చేతిసంచిలో వేసుకుందట. మూడు నెలలూ అందులోనే ఉంది. జిడ్డు చూస్తే నువ్వు తననే నిలదీస్తావని నేనే తుడిచాను. నా వల్ల కాలేదు."

"సంచిలో దేనికిరా?"

"అమ్ముకుని ఎటైనా వెళ్ళిపోదామని. తర్వాత మనసొప్పలేదంది. నీ వస్తువేదీ తనకొద్దని తెచ్చి నా చేతిలో పెట్టింది."

"వెళ్ళిపోవడమేంటి? నాతో ఒక్క ముక్క అనలేదే!"

"ఫోన్లో అందిట బావా. నువ్వు పొట్లం గురించి అడిగావట."

"ఆర్నెల్లుగా నీకు తెలుసా ఇది? నా ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని భోంచేస్తూ, తెలిసీ నోరు మెదపలేదా?"

"చెప్పనని నాచేత ఒట్టేయించుకుంది."

"ఉండు, ఫోన్ చేస్తా. ఛ, ఎత్తదేంటి! పొద్దున్న తనే తరిమింది నన్ను, తొందరగా వెళ్ళు, వాడు ఎదురుచూస్తుంటాడని... లే, అడ్డు లే. నేనింటికి పోవాలి."

"కాఫీ తాగే వెళ్ళు బావా. నువ్వు భూతద్దం పట్టుకుంటే రెండు గంటలు తలెత్తవని అక్కకి తెలుసు. తనెక్కిన రైలెప్పుడో కదిలిపోయుంటుంది."