గోడ దూకిన బాలింత

హలో… ఆ, నేనే, రాహేలుని. ఎవరండీ?…

రాజ్యలక్ష్మి గారా! పక్కింట్లోంచి ఫోనా? గోడ మీంచి కేకేస్తే పలకనా?…

ఓహో… నా మొహం చూడనన్నారు గానీ, మాట్లాడనని అన్లేదా. బానే ఉంది తెలివి. చెప్పండి…

ఏంటీ, మా బుజ్జి మీ ఇంట్లో ఉందా? పిల్లల్తో సహానా?… ఎక్కడా?… బీరువాలో, పట్టుచీరల మీదా! అయ్యో ప్రభువా!…

తిట్టండి, పడతాను. కానీ ముందిది చెప్పండి, అక్కడెన్ని కూనలున్నాయి?… మూడేగా? నాలుగోదాన్ని నా దగ్గరొదిలేసి పోయిందండీ మహాతల్లి! పొద్దుట్నుంచీ దూదితో పాలు పడుతుంటే మింగట్లేదు. ఒళ్ళు చల్లబడిపోతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు…

నేనేమన్నా పంపించానా మీ ఇంటికి? పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది, మీకు తెలీందేముంది. మన గొడవలు దానికేం తెలుసు…

ఆ, అదే తిందండీ మీ అల్లుడికి తెచ్చిన చందువా. నేను కాదన్నానా?… మొత్తం చేప, అవును… పాపం, అల్లుడు పప్పుచారుతో తిన్నాడు, అదీ తెలుసు. బందరు బందరంతా తెలుసు!…

మరి నన్ను పట్టుకుని 'దొంగముండా' అంటారా?…

పిల్లినా? పిల్లినంటే నా వంక చూస్తూ అన్నారేం?…

అప్పుడది… నా చంకలో ఉందా.

ఆ… ఉందిలెండి.

అబ్బా, రోషంలో మీ గడప తొక్కనని ఒట్టేసుకున్నానే! ఇప్పుడెట్లా?… బుజ్జినే ఇటు పంపండి… కదలట్లేదా? పోనీ కూనని గోడ మీంచి అందిస్తా… మోకాళ్ళా? ఆ, స్టూలెక్కద్దులెండి, పడితే ఇంకో గొడవ…

ఊఁ… ఊఁ… అంటే మీరు రారు, నేను రాను. దీని గతేం కాను?…

కూన నా దగ్గరుందన్నది అబద్ధమా? ఉండండి, ఫోను దాని దగ్గర పెడుతున్నా, మీరే వినండి… ఏడవ్వే తల్లీ, గట్టిగా ఏడు…

విన్నారా— ఆ అరుపేంటి? బుజ్జేనా? మీ ఫోను మీదికి దూకిందా?!… గొంతు గుర్తుపట్టిందండీ, కన్నతల్లి కదా!… వదినా, వదినా, దాన్నక్కడే ఉండనీ. ఇది తల ఎత్తింది! రిసీవరు నాకుతోంది పిచ్చిమొద్దు, అమ్మ ఇందులో ఉందనుకుంటోంది…

నాకూ ఏడుపొస్తోంది వదినా…

ఒట్టు తీసి గట్టున పెట్టు. వస్తున్నా. దొడ్డి తలుపు గడియ తియ్యి…

వెయ్యలేదా?… ఎప్పట్నుంచీ?…

గొడవైన రోజునుంచీనా! అందుకేనా బుజ్జి లోపలికి రాగలిగింది… ఎందుకు తీసుంచావు? దొంగలు పడితేనో?…

నేనొస్తాననా…

మరి ఓ మాట పిలవచ్చుగా, వదినా! నేను ఇటు గోడకి చెవి పెట్టుకునే కూర్చున్నాగా ఇన్నాళ్ళూ!… సర్లే, నన్నూ తిట్టు, వచ్చాక తిట్టు. దీన్ని కొంగులో చుట్టుకుంటున్నా… ఇదిగో, పెట్టేస్తున్నా.