ఓడినవాడి వైపు తిరిగి

ఆ రేడియో కాస్త తగ్గించవే తల్లీ. ఇంగ్లీషు ఉండాలా పోవాలా అని మళ్ళీ ఓట్లు పెడుతున్నారటగా, విన్నాను. నన్నడిగితే ఏం చెప్పను? మా అన్నయ్యని అడగాలి. అదే, మీ పెదతాతయ్యని. నువ్వు పుట్టకముందే పోయాడులే. కోర్టులో తీర్పులు చదివే ఉద్యోగం ఆయనది. జడ్జిగారు ఏ భాషలో రాసుకున్నా, ఈయన లేచి నిలబడి ఎవరి భాషలో వాళ్ళకి వినిపించాలి. దానికో పద్ధతుండేది. గెలిచినవాడి సంగతి తర్వాత. ముందు ఓడినవాడి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాలి, అర్థమైందని వాడు తల ఊపేదాకా కూర్చోకూడదు. ఒకసారి ఓ పాలాయన ఎంతకీ ఊపడే. జడ్జిగారికేమో ఆకలి. "ఏమయ్యా, అయిందా?" అంటారాయన. "ఇంకా లేదండీ" అంటాడు మావాడు. అలాంటి మొండిఘటం.

ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, ఇంగ్లీషు. దాన్ని తెమ్మని ఊరంతా తిరిగిందెవరనుకున్నావ్, మా అన్నయ్యే. నవ్వకు. అప్పట్లో మాదొక భాష, అవతలి వీధుల వాళ్ళదొక భాష. ఆఫీసుల్లో ఏది ఉండాలని కొట్టుకు చచ్చేవాళ్ళు. మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు. వాళ్ళ అక్షరాలు రాస్తున్నాడని మనవాళ్ళే నిచ్చెన మీంచి లాగేశారు. మళ్ళీ లేవలేదు. శవం ఇంట్లో ఉండగానే అన్నాడు అన్నయ్య, "ఎవడిదీ కాని భాష పెడితే ఎవడూ ఎవణ్ణీ చంపడు" అని. తప్పంటావా? ఇంగ్లీషొచ్చింది, కొట్లాటలు ఆగాయి, ఉన్నమాట చెప్పుకోవాలి. కాకపోతే అందరికీ ఒకటే భాష అయ్యాక మళ్ళీ చదివి చెప్పడమెందుకని ఆ ఉద్యోగం తీసేశారు. అన్నయ్యని కోర్టులోనే ఓ మూల బల్ల దగ్గర కాగితాలకి ముద్రలు వేయడానికి కూర్చోబెట్టారు.

ఆ యేడే మా ఇంటి కేసు తీర్పొచ్చింది. నాన్న పోయాక ఇల్లు తనదంటూ మా దాయాది వేసిన కేసు. అమ్మ వెళ్ళి నిలబడింది. జడ్జిగారు కొత్తాయన, మెత్తని మనిషి. ఇంగ్లీషులో ఏదో చదివి, పెద్దావిడ కదా అని కాబోలు, చివర్లో చిన్నగా నవ్వాడట. అమ్మ గెలిచాననుకుని దణ్ణం పెట్టి వచ్చేసింది. సాయంత్రానికల్లా తొట్టిలో సున్నం కలిపింది. "ఇల్లు మనదేనట్రా, గోడలు చూడు ఎంత అసహ్యంగా ఉన్నాయో" అంటూ ఒకటే సంబరం. ఆ తీర్పు కాగితానికి తన చేత్తోనే ముద్ర వేసి వచ్చిన అన్నయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. ఊరందరికీ చెప్పిన నోరు. చొక్కా విప్పి, కుంచె తీసుకుని, అమ్మ పక్కనే గోడకి సున్నం వేశాడు. ఓడిపోయామని నాకూ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాడేమో. నెల తిరక్కుండానే తాళం వేయడానికి మనుషులొచ్చారు. అమ్మ ఏడవలేదు, అరవలేదు. "నువ్వు అక్కడే ఉన్నావు కదరా" అంది, అంతే.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. ఒకే అద్దె గదిలో ఉంటూ అలా ఉంటే, చూసేవాళ్ళకి ప్రాణం ఉసూరుమనేది. అమ్మ పోయేరోజున మంచం పక్కన ఆమె వైపు తిరిగి నిలబడ్డాడు అన్నయ్య. ఆ తీర్పు మొత్తం మన భాషలో చెప్పాడు, నెమ్మదిగా, మొదట్నించి చివరిదాకా. అయిపోయాక కూడా అలాగే నిలబడ్డాడు. కూర్చో అన్నయ్యా, అన్నాను. కూర్చోడే. ఇంకా లేదురా, అంటాడు. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆయనేమో ఆమె తల వంకే చూస్తూ...

ఆ కిటికీ వేసిరా తల్లీ, గాలి కొడుతోంది.