సోమవారం పట్టిన పది లీటర్లు

ఉదయం తొమ్మిది గంటలు. సన్నగా ముసురు పడుతోంది.

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన జయరాజు టీ కొట్టు. దాని రేకుల కింద కృపావతి నిలబడి ఉంది. వాంతులు, విరేచనాలతో వాళ్ల చర్చి వీధి పిల్లలు ఐదుగురు నంద్యాల ఆసుపత్రిలో చేరి వారమైంది. పొద్దున ఫోనొచ్చింది, ఇంటికి పంపుతున్నారని. అందరినీ అని మాత్రం చెప్పలేదు. ఐదుగురిలో ఆమె కూతురు ఏంజెల్ ఒకతె. పక్కనే కొండమ్మ, మనవరాలు వర్షిణి కోసం వచ్చింది.

బెంచీ మీద తిమోతి. నీళ్ల ల్యాబుకు శాంపిళ్లు మోసే మనిషి.

"ఊరికే బాటిలు నింపుకోని పోతాననుకుంటాండారు మీరు. నీళ్లలో ఉండే ఈ పురుగులు కంటికి ఆనవు, క్లోరిన్‌కు చావవు. పది లీటర్లు పట్టాల, సన్న ఫిల్టరులో వడగట్టాల, మిగిలిన మడ్డిలో అయస్కాంతం పూసలేసి పురుగుల్ని లాగాల, రంగేసి మైక్రోస్కోపు కింద పెడితే పచ్చగా మెరుస్తాయి. ఆడ నలుగురు సార్లు చేసే పని, నేనొక్కణ్నే చేసినా."

"నువ్వా?" అన్నాడు జయరాజు, టీ వడపోస్తూ.

"నేనే! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? అయస్కాంతం ఎత్తితే పురుగులే కాదు, ల్యాబులో బీరువా నడుచుకుంటా వచ్చింది. రోడ్డు మీద పోయే బస్సు గోడకొచ్చి అతుక్కునె. డ్రైవరు దిగి, వదలన్నా, టైమైపోతాందని కాళ్లు పట్టుకున్యాడు."

"టిక్కెట్టు కొట్టినారా నీకు?" ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

"నవ్వొద్దప్పా, ఇంకా ఉండాది. రంగేసినా చూడు, ఆ పచ్చ వెలుతురు ఉయ్యాలవాడ దాకా కొట్టింది. ఆటోవాళ్లు సిగ్నలు పడిందనుకోని ఆగకుండా పోయినారు, ఇంగా పోతానే ఉండారేమో! పురుగులన్నీ లేచి నిలబడి, దొరా, నీ కంట పడినాం, ఇంగ ఈ జిల్లాలో ఉండమని దండం పెట్టి పోయినాయి. అందుకే పోయిన నెల కాగితం రాయించి గోడకు అంటించినా, చర్చి వీధి నీళ్లు బాగుండాయని. ఆ వీధి చివరి కొళాయి కాడ, సోమవారం మధ్యాహ్నం, పది లీటర్లు ఈ చేత్తోనే పట్టినా."

కృపావతి అప్పుడు తిరిగి చూసింది.

"సోమవారమా?"

"సోమవారమేక్కా. ఎండ మాడ్చేస్తాండె ఆ పొద్దు."

"చివరి కొళాయి మా ఇంటి ముందరిదే. మాకు నీళ్లొచ్చేది మంగళవారం, శుక్రవారం, తెల్లారి నాలుగ్గంటలకు. సోమవారం మధ్యాహ్నం యాడ పట్టినావప్పా?"

తిమోతి గ్లాసులోకి చూశాడు. "మా ఆఫీసు కొళాయిలో... ఒక బాటిలు. అన్నీ ఒకటే నీళ్లు కదక్కా."

"ఆ కాగితం చూసి నేను నీళ్లు కాచేది మానేసినా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నంద్యాల బస్సొచ్చింది. మొదట ఏంజెల్ దిగింది, చేతికి సూది గుచ్చిన చోట దూదితో. కృపావతి బిడ్డను ఒడిసి పట్టుకుంది కానీ చూపు బస్సు తలుపు మీదే ఉంది. ఒకరు. ఇద్దరు. ముగ్గురు. నాలుగో పిల్లోడు తండ్రి భుజం మీద దిగాడు.

ఆ తండ్రి కొండమ్మ దగ్గర ఆగాడు. "వర్షిణికి ఇంకా సెలైన్ ఎక్కుతాంది పెద్దమ్మా. కండ్లు తెరవలేదు."

కృపావతి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఏంజెల్‌తో కలిపి నలుగురు.